ఉప్పు తగలని నీళ్ళు

మొన్న ఎండాకాలం ఒక పెళ్ళి పిలుపు చెప్పడానికి హార్బరు వెనక పేటకి వెళ్ళాను. వేట బంద్ రోజులు, సర్కారు ఏ బోటునీ సముద్రంలోకి పోనివ్వదు. బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని పనిలేని మగాళ్ళలా కునుకు తీస్తున్నాయి. ఇళ్ళ ముందు అసలు మగాళ్ళు కూడా అదే పని మీద ఉన్నారు. ఒక గుమ్మంలో, కాపరానికి కొత్తగా వచ్చినట్టుంది, మెళ్ళో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉన్న పిల్ల ఒకతి మట్టి మూకుడు కడిగి, బిందెలోంచి నీళ్ళు పోసి, చూపుడువేలు ముంచి నాలిక చివర తగిలించుకుంది. ఒక్క క్షణం గాల్లోకి చూసింది. అప్పుడు మూకుణ్ణి రెండు చేతులా పట్టుకెళ్ళి గోడ నీడన పెట్టింది. ఎక్కడ కాచుకుని ఉందో గానీ ఒక బూడిదరంగు పిల్లి వచ్చి, ఆ పిల్ల మొహమైనా చూడకుండా, సొంత పెరట్లో తాగినట్టు తాగింది. రెండు గుమ్మాల అవతల ఇంకొకావిడ కూడా సరిగ్గా ఇలాగే చేసింది, వేలు ముంచడంతో సహా.

ఎందుకమ్మా ఆ నీళ్ళు రుచి చూశావని అడిగాను. నేనేదో చదువుకున్నవాణ్ణి అనుకుంది కాబోలు, కొంగు సర్దుకుని చెప్పింది.

"పిల్లులకి బావు. నాలిక్కి తగిలించకండా పెట్టకూడదంట. తాతల కాలం నుంచీ ఉన్నాదంట, మా అత్త సెప్పింది."

పెట్టేస్తే ఏమవుతుందని అడిగితే, ఏదో అవుతుందిగానీ ఏమిటో తనకి తెలీదంది. నేను గుళ్ళో తల ఊపినట్టు భక్తిగా తల ఊపి వచ్చేశాను. ఏమని చెప్పను? ఆ తాతల కాలంలో నేను అక్కడే, ఆ వీధిలోనే, నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నాను.

నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. లెక్కల మాస్టారు ఒకరోజు నా వెటకారం భరించలేక బయటికి పొమ్మన్నారు. ఆయన ఆ గంట వరకే అన్నారట, నేను కాస్త ఎక్కువగా విన్నాను. మా నాన్నకి సముద్రం పడలేదు. మల్కాపురంలో నూనె కంపెనీ దగ్గర కాంట్రాక్టు కూలీగా చేరిపోయి, ఇకమీదట మనింట్లో ఎవడి ఒంటా చేప వాసన రాకూడదని కట్టడి చేశాడు. ఆయన కొడుకుని నేను, తిరిగి తిరిగి వెళ్ళి హార్బరు పక్కన ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు తోసే పనిలో పడ్డాను. రోజూ మల్కాపురం నుంచి బస్సులో రావడం కష్టమని మా మేనత్త ఇంట్లో దిగాను. దిగానంటే దిగాను గానీ, మళ్ళీ కొన్నేళ్ళదాకా లేవలేదు. తొంభైల చివరి మాట ఇది.

మా మేనత్తది ఎండు చేపల వ్యాపారం. నెత్తళ్ళు, కవ్వళ్ళు లాంటి చిన్న చేపల్ని ఇసకలో ఆరబోసేది. పెద్ద చేపల్ని చీల్చి బానల్లో ఉప్పు వేసి ఊరబెట్టేది. ఎండినవాటిని గంపకెత్తుకుని పూర్ణా మార్కెట్‌కి పోయి అమ్మేది. బానలో ఉప్పు సరిపోయిందా లేదా అన్నది ఆవిడ వేలికీ నాలిక్కీ మధ్య వ్యవహారం. ముంచేది, తగిలించుకునేది, ఇంకో దోసెడు ఉప్పు పడేసేది. చెయ్యి పెద్దది, గొంతు అంతకంటే పెద్దది. పిల్లులంటే పుట్టెడు కోపం. చేపలు ఆరబోసినంతసేపూ పక్కన ఒక వెదురుకర్ర ఉండేది. ఆ పేటలో పిల్లులకి మా అత్త పేరు తెలియదు గానీ ఆవిడ కర్ర మాత్రం దూరం నుంచి కూడా తెలిసేది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది విని, ఆవిడేదో జీవకారుణ్యం మూర్తీభవించిన మనిషని మీరు అనుకోకూడదని.

పిల్లి చేపలు తిని బతుకుతుందని అందరికీ తెలుసు. ఏం తాగి బతుకుతుందో ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. కానీ ఐసు పనివాణ్ణి గనక నాకు కనబడేది. ఏడాది పొడుగునా హార్బరు తడిగా ఉంటుంది. ఐసు దిమ్మల్ని మరలో వేసి పొడి చేస్తాం, పొడిని పెట్టెల్లో చేపల మీద కొడతాం, పెట్టెల కింద నుంచి చల్లటి చుక్కలు కారుతూ ఉంటాయి. బండి నిలబడ్డ ప్రతిచోటా ఒక చిన్న మడుగు. తెల్లారగట్ల ఏ మడుగు చూసినా దాని అంచున రెండు పిల్లులు మోకరిల్లి ఉండేవి. వేసవిలో వేట బంద్ అయితే బోట్లు ఆగుతాయి. బోట్లు ఆగితే చేపలు ఆగుతాయి. చేపలు లేకపోతే ఐసెవడిక్కావాలి? మా ఫ్యాక్టరీ మర మూలుగు ఆగిపోయేది, నేను మా అత్త ఇంటి అరుగెక్కేవాణ్ణి. ఎండకి హార్బరు సిమెంటు రెండ్రోజుల్లో పెనంలా ఎండిపోయేది. చుట్టూ ఉన్నదంతా నీళ్ళే, కానీ తాగే నీళ్ళు లేవు. అందుకని పిల్లులు ఇళ్ళమీద పడేవి.

ఆ ఏడు మా మావయ్య కొత్త వల కొన్నాడు. ఇది చిన్న మాట కాదు. పెళ్ళినాటి నుంచీ ఆయన ఊరివాళ్ళ బోట్ల మీద కలాసీ. వల లాగడం, వాటా తీసుకోవడం, నోరు మూసుకోవడం. చివరికి ఒక బోటాయన, వల నువ్వు తెచ్చుకుంటే బోటులో నిన్ను భాగస్తుణ్ణి చేసుకుంటాను, సముద్రం తెరిచిన రోజున వలతో రా, లేకపోతే ఎప్పట్లాగే ఒట్టి చేతుల్తో రా, అన్నాడు. మావయ్య కొన్నది నీలం నైలాను వల. వల ఒకే గుడ్డలా రాదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆ ముక్కల్ని అంచులు కలిపి కుట్టుకోవాలి, పైన తాడుకి తేలడానికి బెండ్లు, కింద తాడుకి మునగడానికి సీసం గుళ్ళు కట్టుకోవాలి. బంద్ రోజులంటే ఆ పనికే. మావయ్య ఆత్రానికి ముక్కలన్నీ వారంలోనే కుట్టేసి, బెండ్లు కట్టడం మొదలుపెట్టాడు. రాత్రిళ్ళు వలని చుట్టి తాటాకు పాకలో అటక మీద పెట్టేవాడు. కొత్త వలని ఎవరూ దాటకూడదు, దాని దగ్గర తుమ్మకూడదు, సముద్రంలో తడవకముందు దానిమీద కత్తి పెట్టకూడదు. ఈ నియమాలన్నీ ఆయన నాకు రోజూ అప్పజెప్పేవాడు. బళ్ళో కూడా నేను ఇన్ని పాఠాలు వినలేదు.

ఒకరోజు పొద్దున్నే వల దింపుదామని నిచ్చెన ఎక్కినవాడు ఎక్కినట్టే నిలబడిపోయాడు. వల మడతల మధ్య మచ్చల పిల్లి ఒకతి నాలుగు పిల్లల్ని పెట్టుకుని పడుకుని ఉంది. హార్బరు పిల్లే. ఒక చెవి చివర తెగి ఉంటుంది గనక నేను పోల్చుకున్నాను. మావయ్య మొహం చూస్తే బోటు మునిగినవాడి మొహంలా ఉంది. ఇంకా సముద్రం మొహం చూడని వల మైలపడిపోయిందన్నాడు. మా అత్త నిచ్చెన పట్టుకుని, పైకి చూసి, తీర్పు చెప్పేసింది.

"మైలేటి? నిండుసూలాలు ఊరంతా ఒగ్గీసి నీ వలే ఏరుకున్నాది. నీ వల ఖాళీగా రాదు. దాని జోలికెల్లకు."

ఆవిడకి ఈ శాస్త్రం ఎక్కడిదో నాకు తెలీదు. అప్పటికప్పుడు పుట్టించిందని నా అనుమానం. బారసాలకి ఎవరెవర్ని పిలుద్దాం మావయ్యా అన్నాను. ఆయన వల కుట్టే సూది నామీదకి విసిరాడు.

ఊరుకోలేదు ఆయన. అత్త మార్కెట్‌కి పోగానే గోనెసంచి పరిచిన గంపలోకి పిల్లల్ని దింపి, పాక మూల నీడన పెట్టాడు. తల్లి ఒక్కొక్క పిల్లనీ మెడ దగ్గర నోట కరుచుకుని, ఎగశ్వాస పీలుస్తూ, గుంజ పట్టుకుని పైకెక్కి, మళ్ళీ వలలోనే పెట్టింది. నాలుగోదాన్ని పెట్టాక అక్కడే పడిపోయింది. నోరు తెరిచి కుక్కలాగా రొప్పింది. పిల్లి అలా రొప్పగా నేను అంతకుముందు చూడలేదు. అత్త వచ్చి సంగతి విని మావయ్యని ఏమన్నదో ఇక్కడ రాయను, ఆడపిల్లలు చదువుతారు. తర్వాత తను పైకెక్కి పిల్లి మెడమీద తోలు రెండు వేళ్ళతో పట్టి ఎత్తి వదిలింది. వాంతులూ విరేచనాలూ పట్టిన పసిపిల్లల పొట్ట మీద అలాగే చూస్తారు మావాళ్ళు. ఎత్తిన తోలు ఎత్తినట్టే ఉండిపోయి, చాలాసేపటికి గానీ దిగలేదు. దీనికి నీళ్ళు లేవు, నీళ్ళు లేకపోతే పాలు లేవు, పాలు లేకపోతే నాలుగూ నీ వలమీదే పోతాయి, అప్పుడు చెప్పు మైల సంగతి, అంది మావయ్యతో. అది బతికి పిల్లల్ని నడిపించుకుపోతే తప్ప వల ఖాళీ అవదు. సముద్రం తెరిచే రోజు దగ్గరికొస్తోంది. అదీ లెక్క. నాకు ఏడో తరగతి లెక్కలు రాలేదు గానీ ఇది అర్థమైంది.

మావయ్యకి ఒక సిద్ధాంతం ఉంది. పిల్లి నీళ్ళు తాగే జంతువు కాదని, చేపలో ఉన్న నీరే దానికి చాలునని.

"సేపేది?" అంది అత్త. "ఎండు సేప తప్ప ఇంకేటున్నాది ఇంట్లో? నువ్వు రెండు ఉప్పుసేపలు తినీసి, నీళ్ళు తాగకండా కూకో సూద్దాం."

ఆయన కూర్చోలేదు. లేచి బీడీ ముట్టించుకున్నాడు.

అలా నీళ్ళు పెట్టడం మొదలైంది. చేపలు ఊరేసే పాత బాన ఒకటి మెడ దాకా విరిగిపోయి అడుగు మాత్రం వెడల్పాటి పళ్ళెంలా మిగిలింది. మట్టిది, చల్లగా ఉంటుంది, బరువుకి బోర్లపడదు. అత్త దాన్నే ఎంచింది. ఆ రోజుల్లో మాకు వీధి కుళాయే గతి. తెల్లారి కాసేపు వస్తుంది, సన్నగా, ఎవరి మీదో కోపం ఉన్నట్టు. బిందెల్ని వరసలో పెట్టి ఎవరి బిందె వెనక వాళ్ళు నిలబడాలి. అత్త తన బిందెల వెనక ఈ బాన ముక్కని కూడా వరసలో పెట్టింది. మా ఎదురింటి వదిన ఊరుకునే మనిషి కాదు.

"పిన్నీ, మనుసులకే నీళ్ళు సాలక సస్తంటే పిల్లికి కూడా వరసేటి? దానికి రేసన్ కార్డుందేటి?"

"మీ ఆయనకుంది గదే," అంది అత్త, కుళాయి కేసి చూస్తూనే. "ఒక్క బిందైనా మోసినాడేటి?"

వరసంతా నవ్వింది. వదిన కూడా నవ్వింది గానీ మర్నాటి నుంచి మా బిందెల మీద ఒక కన్నేసి ఉంచింది. మంచినీళ్ళు ఒక్క చెంబు కూడా వృథా చేసే ధైర్యం ఇక అత్తకి లేకపోయింది. అందుకని రోజూ పొద్దున్నే బాన ముక్కని ఒడ్డుకి తీసుకుపోయి, సముద్రపు నీళ్ళతో ఇసకేసి శుభ్రంగా తోమి తెచ్చేది. పేటలో సగం సామాన్లు అలాగే తోముకుంటారు. తెచ్చి, కుళాయి నీళ్ళు పోసి, నన్ను నిచ్చెన పట్టుకోమని, తనే అటకెక్కి పిల్లి అందుకునేంత దగ్గర్లో పెట్టేది.

పిల్లి తాగలేదు. వాసన చూసేది, మూతి తడుపుకునేది, మొహం తిప్పేసుకునేది. మర్నాడూ అంతే. పక్కన ఎండు చేప వాసనకి తాగట్లేదేమోనని చేపల గంపలు బయట పెట్టించింది అత్త. మనల్ని చూసి బెదురుతోందేమోనని మా ఇద్దర్నీ పాక దరిదాపుల్లోకి రావద్దంది. దానికి కుళాయి నీళ్ళు ఆనవు, మరీ దొరసాని, ఐసు నీళ్ళు అలవాటు పడిన ప్రాణం అన్నాను నేను. నవ్వుతుందనుకున్నాను. అత్త నవ్వలేదు. ఎండ చూస్తే తాటాకుల్లోంచి కూడా సూదుల్లా దిగుతోంది. మధ్యాహ్నం వేళ పాకలోకి వెళితే పిల్లి ఊపిరి కింద నుంచే వినపడేది. నాలుగు పిల్లల్లో చిన్నది ఆ రోజే కదలడం మానేసింది. అత్త దాన్ని చీర కొంగులో పట్టుకుని ఒడ్డుకి తీసుకుపోయి వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో అన్నం సరిగ్గా ఎవరూ తినలేదు. మావయ్య కూడా. ఆ సంగతి ఆయన ఒప్పుకోడు, కంచంలో మిగిలింది నేను చూశాను.

మర్నాడు పొద్దున అత్త ఎప్పట్లాగే సముద్రంలో తోమిన బానలో నీళ్ళు పోసింది. చేపలు ఊరేసే ఇంకో బాన పక్కనే ఉంది. దాన్ని చూస్తూ ఏదో ఆలోచనలో ఉందో, లేక ఇన్నేళ్ళ అలవాటు చేతిని లాక్కుపోయిందో, ఆవిడ చూపుడువేలు దానంతటదే పిల్లి నీళ్ళలో మునిగి నాలిక చివరికి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగిపోయింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ తగిలించుకుంది. నేను నిచ్చెన పట్టుకుని నిలబడి ఏమిటత్తా అన్నాను. ఆవిడ నావైపు చూడలేదు.

"ఇన్నాళ్ళూ బాలింతకి నాను సముద్రం పోత్తన్నాన్రా."

ఎన్నేళ్ళ ఉప్పు తాగిందో ఆ బాన. దానికి తోడు రోజూ సముద్రపు స్నానం. అందులో పోసిన మంచినీళ్ళు నిచ్చెన ఎక్కేలోగా ఉప్పునీళ్ళయిపోయేవి. ఉప్పు కూడు తిని, ఉప్పు నీళ్ళు వాసన చూసి, ఆ పిల్లి రోజులు గడిపింది. ఉప్పు పాళ్ళు చెప్పాలంటే పేట మొత్తం మీద మా అత్త తర్వాతే ఎవరైనా. కానీ ఆ నాలికని పిల్లి నీళ్ళలో పెట్టాలని ఆవిడకెందుకు తోస్తుంది? ఉప్పు మా ఇళ్ళలో గాలి లాంటిది, ఉందని గుర్తుండదు.

మావయ్య గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. అన్నాళ్ళుగా ఆవిణ్ణి ఒక మాట అనడానికి సందు కోసం చూస్తున్న మనిషి. ఇంతకంటే పెద్ద సందు దేవుడు కూడా ఇవ్వలేడు. నేనైతే వదిలేవాణ్ణి కాదు. ఆయన ఆవిడ మొహం చూశాడు. గోడకి వేలాడుతున్న విసురువల భుజాన వేసుకుని రాళ్ళ గట్టు వైపు వెళ్ళిపోయాడు.

అత్త ఆ పూట ఎండు చేపల గంప లేకుండా పూర్ణా మార్కెట్‌కి వెళ్ళింది. జీవితంలో మొదటిసారి కొనడానికి వెళ్ళిందేమో, కుండల దుకాణం వాడు నమ్మలేదట. ఒక కొత్త మూకుడు నెత్తిమీద పెట్టుకుని ఎండలో నడిచొచ్చింది. దాన్ని మంచినీళ్ళతో కడిగింది, నింపింది, వేలు ముంచి రుచి చూసింది, పారబోసింది. మళ్ళీ నింపింది, మళ్ళీ రుచి చూసింది. ఎదురింటి వదిన తన గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. ఇంత నీళ్ళు నేలపాలు చేస్తుంటే ఏదో అంటుందని నేను సిద్ధంగా ఉన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి, ఒక చెంబు నీళ్ళు తెచ్చి, మా బిందెలో పోసి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆవిణ్ణి ఎరిగినవాళ్ళకి తెలుస్తుంది, అది ఎంత పెద్ద మాటో.

మొదట పిల్లికి లేచే ఓపిక లేదు. అత్త పాత పంచె ముక్క తడిపి మూతి మీద పిండింది. చుక్క చుక్కకీ నాలిక బయటికొచ్చింది. కాసేపటికి అత్త మూకుడు దాని దగ్గరికి జరిపింది. కింద నుంచి నాకు కనబడలేదు గానీ చప్పుడు వినబడింది. చిన్న చిన్న చప్పుడు, ఆగి ఆగి. మా అత్త నిచ్చెన పైమెట్టు మీద కదలకుండా నిలబడిపోయింది. నా చేతులు లాగేస్తున్నాయి, అయినా నేనూ కదల్లేదు.

మావయ్య సాయంత్రానికి వేలెడంత చేపలు నాలుగు పట్టుకొచ్చి పళ్ళెంలో పడేశాడు. ఇంటికి కూరకని చెప్పాడు. నాలుగు వేలెడంత చేపలు ముగ్గురికి ఏం కూరో ఎవరూ అడగలేదు. వాటిని నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు చల్లార్చి పిల్లికి పొయ్యాలి, ఉప్పు లేకుండా. ఉప్పు వెయ్యకుండా పొయ్యి మీంచి ఏదీ దింపి ఎరగని చెయ్యి మా అత్తది. తన చెయ్యిని తనే నమ్మక, ఉప్పు డబ్బా నాకిచ్చి, ఉడికేదాకా వీధిలో నిలబడమంది. ఉప్పు డబ్బా చంకలో పెట్టుకుని వీధిలో పహరా కాస్తున్న నన్ను చూసి ఎదురింటి వదిన ఏమిటిదని అడిగింది. అరెస్టు చేశాం వదినా అన్నాను.

పిల్లి నిలబడింది. పాలొచ్చాయి. మిగిలిన మూడూ కళ్ళు తెరిచి వల కన్నాల్లోంచి కాళ్ళు బయటపెట్టడం మొదలుపెట్టాయి. మావయ్య అటక మీదున్న వలలో ఒక్కో కొసా మెల్లిగా కిందికి లాక్కుని బెండ్లూ గుళ్ళూ కట్టుకుంటూ వచ్చాడు. పైన పిల్లి పడుకున్న ముక్క తప్ప అంతా సిద్ధమైంది. కానీ పిల్లులకి మన క్యాలెండరు తెలీదు. సముద్రం రేపు తెరుస్తారనగా కూడా అవి నడవలేదు, తడబడి దొర్లుతున్నాయి. బోటాయన సాయంత్రం గుమ్మం దాకా వచ్చి, వలతో వస్తున్నావా, ఒట్టి చేతుల్తో వస్తున్నావా చెప్పు, ఇంకొకడు కాచుకుని ఉన్నాడు, అని వెళ్ళాడు.

ఆయన వెళ్ళగానే మా అత్త, అన్నాళ్ళూ ఆ పిల్లి జోలికెళితే ఊరుకోనన్న మనిషి, కొంగు బిగించి గంప పట్టుకుని నిచ్చెన ఎక్కింది. పిల్లల్ని తీసేస్తాను, వల దింపుకో, ఇన్నేళ్ళకి వచ్చిన అవకాశం అంది. గొంతు ఎప్పటిలాగే పెద్దదిగా ఉంది. గంప అటక అంచున పెట్టి పిల్లల వైపు చెయ్యి చాపింది. మావయ్య కింద నిలబడి పైకి చూశాడు.

"దిగీ," అన్నాడు. "అది నీళ్ళు తాగతంది."

నిజంగానే తాగుతోంది. తల మూకుట్లో పెట్టి, తోక నిశ్చింతగా పరుచుకుని, కిందనున్న మా ముగ్గురి బతుకుల గొడవతో తనకి సంబంధం లేనట్టు. అత్త దిగింది. మావయ్య ఎక్కాడు. పైనుంచి నన్ను కత్తి అడిగాడు.

నేను ఇవ్వలేదు. తడవని వలమీద కత్తి పెట్టకూడదని నాకు రోజూ పాఠం చెప్పింది ఆయనే. రెండోసారి అడిగాడు, ఇచ్చాను. పిల్లి పడుకున్న ముక్క అంచున తను కుట్టిన ముళ్ళని ఒక్కొక్కటే కోసుకుంటూ వచ్చాడు, తను కట్టినవే గనక ఏ ముడి ఎక్కడుందో వేళ్ళకి తెలుసు. పక్క ముక్క విడిపోయి జారి నా చేతుల్లో పడింది. పైన నీలం ముక్క ఒకటి, దానిమీద మూడు పిల్లలు, ఒక తల్లి, ఒక మూకుడు మిగిలాయి. అత్త అటువైపు తిరిగి పొయ్యి రాజేసింది. తెల్లారి బోటుకి అన్నం కట్టాలి గదా.

మర్నాడు బోటాయన వల చూసి, కొలిచి, ఒక ముక్క తక్కువుందేమిటన్నాడు.

"నాకూ నీకూ తెలుసు," అన్నాడు మావయ్య. "సేపలకి తెల్దు. నువ్వు సెప్పకు."

బోటాయన నవ్వాడు. నవ్వాడు గనక ఎక్కించుకున్నాడు. నవ్వకపోతే ఏమయ్యేదో నేను అప్పుడప్పుడు ఆలోచిస్తాను. ఆ వేటకి వల నిండిపోయి బంగారం పండిందని రాస్తే బాగుంటుంది గానీ, అలాంటిదేమీ జరగలేదు. మామూలు వేటే. మావయ్య ఒడ్డుకొచ్చి భాగస్తుడిలా నిలబడి వాటా పంచాడు, అంతే. బోట్లు కదిలాయి గనక ఐసు మరలు కదిలాయి, నేను మళ్ళీ దిమ్మలు తోశాను, హార్బరు మళ్ళీ తడిసింది. కొన్నాళ్ళకి మచ్చల పిల్లి మూడు పిల్లల్నీ వెంటేసుకుని, మాకు ఒక్క మాటైనా చెప్పకుండా మడుగుల దగ్గరికి వెళ్ళిపోయింది. అత్త మళ్ళీ కర్ర పక్కన పెట్టుకుని చేపలు ఆరబోసింది. మచ్చల పిల్లి కనబడితే కర్ర ఎత్తేది, కాస్త ఆలస్యంగా.

కానీ మరుసటి ఏడు బోట్లు కట్టేసిన రోజునే ఆవిడ మూకుడు బయటికి తీసింది. నీళ్ళు పోసి వేలు ముంచి రుచి చూసి పెట్టింది. ఎదురింటి వదిన, పిన్ని పెట్టాక తను పెట్టకపోతే బాగోదని పెట్టింది. వేలు ఎందుకు ముంచుతున్నారో వదినకి తెలుసు. వాళ్ళ కోడలికి సగం తెలుసు. ఆ కోడలి తర్వాత వచ్చినవాళ్ళకి వేలు మాత్రమే తెలుసు.

పిల్లులు వెళ్ళిపోయాక ఆ నీలం ముక్కని అత్త ఉతికి ఆరేస్తే, మావయ్య మళ్ళీ వలకి కలిపి కుట్టాడు. అప్పటికి మిగతా వల ఎండలో, ఉప్పులో, రాళ్ళలో పడి వెలిసిపోయింది. ఈ ముక్క మాత్రం కొన్ననాటి రంగులోనే ఉంది. తర్వాత అదీ అన్నిటితోపాటే తడిసింది, ఎండింది, చిరిగింది. అయినా వలని ఇసకలో పరిచిన ప్రతిసారీ, ఒకే దుకాణంలో ఒకే పూట కొన్న ఆ వలలో, ఆ ఒక్క ముక్కా మిగతావాటికంటే వయసులో కొన్ని వేటలు చిన్నదని చూసిన ఎవరికైనా తెలిసిపోయేది.